చెరువులో బ్లీచింగ్ చల్లుతున్నారా? అపోహలు - వాస్తవాలు

అపోహ: తాగే నీళ్లలోనే బ్లీచింగ్ కలుపుతారు, చేపలకేమైతది?

వాస్తవం: నల్లా నీళ్లలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. మనిషికి ఇబ్బంది లేని ఆ మోతాదు చేపపిల్లను చంపగలదు. నీళ్లు మొప్పల మీదుగా పారుతూనే ఉంటాయి, ఆ పలుచని పొరను క్లోరిన్ కాల్చేస్తుంది. 0.05 నిలకడగా ఉన్నా ముప్పే. లెక్క చూడండి: 30 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ కిలోలో 300 గ్రాముల క్లోరిన్. ఎకరం కుంటలో మీటరున్నర లోతుంటే సుమారు 60 లక్షల లీటర్ల నీళ్లు. ఆ నీళ్లన్నిటినీ 0.05కు చేర్చడానికి ఒక్క కిలో చాలు! బురద, నాచు కొంత క్లోరిన్‌ను తినేస్తాయి, నిజమే. కానీ చల్లిన మూలనే గాఢత పేరుకుంటుంది.

అపోహ: వాసన పోయింది, ఇక చేపపిల్లలను వదలొచ్చు.

వాస్తవం: మూసీ ఆయకట్టు చెరువుల్లాగా మురుగు, పశువుల పేడ చేరే నీళ్లలో అమ్మోనియా ఉంటుంది. క్లోరిన్ దానితో కలిసి క్లోరమిన్ అవుతుంది. దాని వాసన తక్కువ, నిలకడ ఎక్కువ. పంచాయతీ క్లోరోస్కోపులో (నీళ్లలో క్లోరిన్‌ను రంగుతో చూపే డబ్బా) లేత పసుపు కనిపించినా అది చేపకు ఎక్కువే. రంగు రాకపోయినా నమ్మొద్దు, చేపకు కీడు చేసే మోతాదును ఆ డబ్బా పట్టలేదు. చిన్న హాపా (సన్నని వల సంచి) నీళ్లలో కట్టి పది పిల్లలను 24 గంటలు ఉంచండి. అన్నీ హుషారుగా ఉంటేనే మిగతావి వదలండి. తొట్లలోనైతే గ్రాము క్లోరిన్‌కు 7 గ్రాముల హైపో (సోడియం థయోసల్ఫేట్) వేస్తే క్లోరిన్ విరిగిపోతుంది.

అపోహ: తెల్లారేసరికి చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయంటే మందు చాలలేదు.

వాస్తవం: చాలాసార్లు మందే కారణం. బ్లీచింగైనా, పొటాషియం పర్మాంగనేటైనా ఎక్కువైతే నాచు ఒక్కసారిగా చస్తుంది. అది కుళ్లుతూ రాత్రంతా ప్రాణవాయువును లాగేస్తుంది. పైగా మన నీళ్లకు క్షారగుణం ఎక్కువ. పీహెచ్ 8.5 దాటితే క్లోరిన్‌కు క్రిమిని చంపే బలం పదోవంతుకు పడిపోతుంది. పని చేయట్లేదని మళ్లీ చల్లుతారు, అక్కడే ప్రాణాలు పోతాయి. వెంటనే మేత, పేడ ఆపండి. మోటారుతో నీళ్లను పైకెత్తి చిమ్మండి, బోరు నీళ్లు కూడా గాలికి ఎగిరి పడాలి.

అపోహ: కోళ్ల షెడ్డు కడిగిన నీళ్లు కొంచెమే కదా.

వాస్తవం: షెడ్డు కడిగే మందుల్లో ఫార్మాలిన్ మొప్పలను దెబ్బతీయడమే కాదు, లీటరుకు 5 మిల్లీగ్రాములు చేరితే సుమారు ఒక మిల్లీగ్రాము ప్రాణవాయువును మింగేస్తుంది. ఫినాయిల్ చేప మాంసానికి వాసన పట్టిస్తుంది. ఆ నీళ్లను కుంట వాలుకు దూరంగా ఇంకుడు గుంతలోకి మళ్లించండి. మందు డ్రమ్ములు, స్ప్రేయర్లు తూము దగ్గర కడగొద్దు.