కుండ పెచ్చు కింద తెల్లని చుక్క

"ఆవం నుంచి తీసినప్పుడు కుండ నిక్షేపంగా ఉంది. రెండు వారాల తర్వాత, ఎవరూ తాకకుండానే పెచ్చులూడింది. ఎందుకు?" అని ఒక పాఠకురాలు అడిగారు. చివర ఇంకో ముక్క రాశారు: పెచ్చు ఊడిన ప్రతి గుంట అడుగునా ఆవగింజంత తెల్లని చుక్క ఉందట. ఆ మాట చదవగానే నాకు ఉత్సాహం ఆగలేదు. ముట్టకుండా పగిలిన పాత్రను అపశకునమనుకునేవారు ఆ చుక్కను ఒక్కసారి వేలితో గీకి చూడాలి. అది సున్నం.

బంకమట్టి సాగుతుంది, ఇసుకో కాల్చిన మట్టి నూకో కలిపితే ఆరేటప్పుడు బీటలు తగ్గుతాయి, ఇనుము ఆక్సైడు ఎర్రరంగునిస్తుంది. టెర్రకోట మట్టి కూర్పు గురించి ఇంతవరకు అందరూ చెబుతారు. నాకు ఆసక్తి అంతా మట్టిలో దాగిన సున్నపురాయి పలుకు మీదే.

లెక్క చూడండి. 100 గ్రాముల సున్నపురాయిని 900 డిగ్రీల సెల్సియస్ దాకా కాలిస్తే 44 గ్రాముల కార్బన్ డయాక్సైడు వెళ్లిపోయి 56 గ్రాముల పొడిసున్నం మిగులుతుంది. దాని సాంద్రత ఘనసెంటీమీటరుకు 3.34 గ్రాములు, అంటే అది 16.8 ఘనసెంటీమీటర్ల చోటు తీసుకుంటుంది. కాలిన కుండ గోడ నిండా సన్నని రంధ్రాలుంటాయి కాబట్టి గాలిలోని తేమ మెల్లగా లోపలికి చేరుతుంది. ఆ సున్నం 18 గ్రాముల నీటిని పట్టుకుని 74 గ్రాముల తడిసున్నం అవుతుంది. దీని సాంద్రత 2.21 మాత్రమే, కాబట్టి 33.5 ఘనసెంటీమీటర్ల చోటు కావాలి. దాదాపు రెండింతలు! చుట్టూ గట్టిపడిన గోడ. ఉబ్బే సున్నం పై పొరను తన్ని ఊడగొడుతుంది. బడిలో ఈ చర్యను ఒక సమీకరణంగా బట్టీ పట్టించి వదిలేస్తారు. ఇలాంటి పెచ్చు ఒకటి చేతికిస్తే ఏ పిల్లవాడూ దాన్ని మరచిపోడు.

అసలు వింత ఇక్కడుంది. ఇదే సున్నపురాయిని కుమ్మరులు కావాలని కూడా కలుపుతారు. ఇటలీలో మయోలికా పాత్రలు, అంటే తెల్లని గాజుపూత మీద రంగుల బొమ్మలు వేసిన మట్టిపాత్రలు, చేసినవారు సున్నం దండిగా ఉన్న మట్టినే కోరి వాడారు. అలాంటి మట్టి చల్లారేటప్పుడు ఎక్కువగా కుదించుకుని, పైనున్న గాజుపూతను నొక్కిపట్టి ఉంచుతుంది, పూత నెరలు విచ్చదు. మరి వారి పాత్రలు ఎందుకు పెచ్చులూడలేదు? రేణువు పరిమాణం వల్ల. ఒక మిల్లీమీటరు పలుకును 0.1 మిల్లీమీటరు రేణువులుగా నూరితే వెయ్యి రేణువులు వస్తాయి, వాటి మొత్తం ఉపరితలం పది రెట్లవుతుంది. చర్య జరిగేది ఉపరితలం మీదే. అంత మెత్తని సున్నం ఆవంలో మట్టిలోని సిలికాతో, అల్యూమినాతో కలిసి కాల్షియం సిలికేట్లుగా మారిపోతుంది. నీటి కోసం ఎదురుచూసే పొడిసున్నం ఇక మిగలదు. ఇనుము కూడా కొంత ఆ స్ఫటికాల్లో చిక్కుకుంటుంది, అందుకే అలాంటి మట్టి ఎర్రగా కాక లేత పసుపుగా కాలుతుంది. పెద్ద పలుకులో మాత్రం పై అంచే సిలికేటు అవుతుంది, నడిమి భాగం పొడిసున్నంగానే ఉండిపోతుంది.

పాపువా న్యూగినీ తీరంలో మోటు అనే తెగకు చెందిన కుమ్మరి స్త్రీలు మట్టిని సముద్రపు నీటితో కలిపేవారు. ఉప్పు కలిసిన మట్టిలో సున్నం పెచ్చులు తగ్గుతాయి. రసాయన శాస్త్రం పేరైనా వినకుండా, చేతి అనుభవంతో పట్టుకున్న సంగతి ఇది. నాకు వారంటే ఎంతో గౌరవం.

ఆ కుండ చేయగా మిగిలిన మట్టిని పారేయకండి. ఆరబెట్టి, నీటిలో నానబెట్టి, 80 మెష్ (అంగుళానికి 80 కన్నులుండే) జల్లెడలో వడకట్టండి, 0.18 మిల్లీమీటర్లకు మించిన పలుకులు పైనే ఆగిపోతాయి. వాటి మీద వినెగర్ చుక్క వేయండి, నురగ వస్తే సున్నపురాయే. తర్వాత ఆ మట్టితో చిన్న పలక చేసి, మామూలుగా కాల్చి, కొన్ని గంటలు ఆవిరి పట్టించండి. కుండలో వారాలు పట్టిన పని ఆవిరిలో త్వరగా బయటపడుతుంది.