"మీ గేమ్‌ల కంపెనీలనే కదా రమ్మీ చేసేది?": మా పని మీద అపోహలు, వాస్తవాలు

రెండు నెలల కింద మిర్యాలగూడలో ఒక పెళ్లికి పోయాను. భోజనాల దగ్గర, వరసకు బాబాయి అయ్యే ఆయన పక్కకొచ్చి కూర్చున్నాడు. "నువ్వు చేసేది గేమ్‌ల కంపెనీలనే కదరా. మావోడు రమ్మీల అరవై వేలు పోగొట్టిండు. జర మీ వాళ్లకు చెప్పి వాపసు ఇప్పియ్యరాదు?" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

పదేళ్లుగా హైదరాబాద్‌లో గేమ్ స్టూడియోల్లో పనిచేస్తున్నాను. టెస్టర్‌గా చేరి, ఇప్పుడు ఆర్ట్ టీమ్‌కీ కోడ్ రాసేవాళ్లకీ మధ్య ఉండే టెక్నికల్ ఆర్టిస్ట్‌నయ్యాను. వీలైన ఆదివారాలు నల్లగొండలో ఈ పని మీద ఆసక్తి ఉన్న పిల్లలతో కూర్చుంటాను. అక్కడ పిల్లల దగ్గరా, వాళ్ల అమ్మానాన్నల దగ్గరా వినే మాటలే ఇవన్నీ.

అపోహ: గేమింగ్ అంటే రమ్మీ, బెట్టింగ్.

వాస్తవం: డబ్బు పెట్టి ఆడించేది వేరే వ్యాపారం. ఆన్‌లైన్‌లో పందెం కాసి ఆడటాన్ని తెలంగాణ 2017లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం డబ్బు ఆటలను దేశమంతటా నిషేధించింది. అదే చట్టం ఈ-స్పోర్ట్స్‌నూ, డబ్బు పందెం లేని మామూలు గేమ్‌లనూ వేరుగా గుర్తించింది. ఇంట్లో "గేమ్ డిజైన్ నేర్చుకుంటా" అనగానే గొడవ మొదలైతే ముందు ఈ ముక్క చెప్పండి.

అపోహ: బాగా ఆడేవాడికి ఇందులో ఉద్యోగం వస్తుంది.

"అన్నా, ఫ్రీ ఫైర్ మ్యాక్స్‌ల నాది హీరోయిక్ ర్యాంక్" అంటూ వచ్చేవాళ్లే ఎక్కువ. సంతోషమే కానీ, ఆ ర్యాంక్ చూసి నన్నెవరూ తీసుకోలేదు. నా మొదటి ఉద్యోగంలో మూడు వారాలు ఒకే ఊరి గోడలకు గుద్దుకుంటూ తిరిగాను. ఏ గోడలోంచైనా మనిషి అవతలికి దూరిపోతున్నాడేమో చూడటమే నా పని. ఎగురుతూ గుద్దాలి, వెనక్కి నడుస్తూ గుద్దాలి, ఫోన్ అడ్డం తిప్పుతూ గుద్దాలి. టెస్టర్ అనేవాడు ఆట గెలవడానికి కాదు, దాన్ని చెడగొట్టడానికి కూర్చుంటాడు.

చెడగొట్టాక దాన్ని రాయడం రావాలి. "గేమ్ ఆగిపోయింది" అని రాస్తే డెవలపర్ అటునుంచి అటే తిప్పి పంపుతాడు. ఫోన్ మోడల్, బిల్డ్ నంబర్ (పరీక్షిస్తున్నది గేమ్ ఏ వెర్షనో చెప్పే నంబర్) రాయాలి. మూడో లెవెల్‌లో వంతెన మీద ఉండగా వేరే ఫోన్ నుంచి కాల్ చేశాను, ఎత్తకుండా కట్ చేశాను అని వరసగా చెప్పాలి. ఆట పాజ్‌లో ఉండాల్సింది. స్క్రీన్ నల్లగా అయి సౌండ్ మాత్రం వస్తోంది. పదిసార్లు చేస్తే ఏడుసార్లు ఇలా అయింది. ఆ "పదికి ఏడు" ఉన్న రిపోర్టుకు మా దగ్గర మర్యాద ఎక్కువ. ఇంగ్లిష్ రాదని భయపడేవాళ్లకు చెప్తున్నా, దీనికి కావాల్సింది పొడి పొడి ఇంగ్లిష్‌లో ఐదారు వాక్యాలే. మా టీమ్‌లో ఇప్పటిదాకా నేను చూసిన మంచి టెస్టర్ బీకాం చదివిన అమ్మాయి. లెక్క ఎక్కడ తేలడం లేదో పట్టుకునే చూపు ఆమెది.

అపోహ: లక్ష రూపాయల లాప్‌టాప్ ఉంటేనే మొదలుపెట్టాలి.

గోడో అనే గేమ్ ఇంజిన్ (గేమ్ తయారుచేసే సాఫ్ట్‌వేర్) ఉచితం, ఓపెన్ సోర్స్. పాత లాప్‌టాప్ మీద కూడా 2డి గేమ్ హాయిగా చేసుకోవచ్చు. 3డి బొమ్మలకు బ్లెండర్ ఉచితం. యూనిటీ అనే ఇంకో ఇంజిన్ అయితే ఏడాదికి 2 లక్షల డాలర్ల ఆదాయం దాటేదాకా డబ్బు అడగదు. అన్‌రియల్ అనే ఇంజిన్ ఒక గేమ్ మీద ఆదాయం 10 లక్షల డాలర్లు దాటాక 5 శాతం రాయల్టీ అడుగుతుంది. ఆ బాధ వచ్చిన రోజు చూసుకుందాం. కాకపోతే అబద్ధమెందుకు, పాత లాప్‌టాప్‌లో అన్‌రియల్ తెరిస్తే దాని ఫ్యాన్ బోరు మోటారులా మోగుతుంది.

అపోహ: ఎంపీసీ, బీటెక్ ఉండాల్సిందే.

కోడ్ రాసేవాళ్లకు లెక్కలు కావాలి, వెక్టర్లు తప్పవు. బొమ్మలు గీసేవాళ్ల దారి వేరు. మాసబ్‌ట్యాంక్‌లోని ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ జేఎన్ఏఎఫ్ఏయూలో యానిమేషన్‌లో బీఎఫ్ఏ డిగ్రీ ఉంది, దానికి ఫాడీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ఐఐటీ హైదరాబాద్‌లో డిజైన్ డిగ్రీ బీడిజైన్‌కు యూసీడ్ అనే పరీక్ష రాయాలి. ఈ రెండు పరీక్షల పేర్లు మన ఇంటర్ కాలేజీల్లో వినబడకపోవడం మీద నాకు కోపమే ఉంది.

అపోహ: ఫీజు కట్టి కోర్సులో చేరితే ప్లేస్‌మెంట్ గ్యారంటీ.

నేనూ కట్టాను. నాన్న రైస్ మిల్లులో గుమస్తా. అప్పు తెచ్చి లక్షా ఇరవై వేలు చేతిలో పెట్టాడు. ఏడాదిలో అక్కడ ఒకే కుర్చీని నాలుగు సాఫ్ట్‌వేర్లలో చేయించారు. నాతో పాటు చదివిన ముప్పైమంది దగ్గరా అదే కుర్చీ. ఇంటర్వ్యూలో ఎదుటాయన ఫైల్ తెరిచి, "ఓ, ఈ కుర్చీయా" అన్నాడు. చేరే ముందు ఫీజు కంటే ముందు అడగాల్సింది పోయిన బ్యాచ్ పిల్లల పోర్ట్‌ఫోలియోలు, అంటే వాళ్లు చేసిన పనులు. చూపించకపోతే లేచి వచ్చేయండి. చూపించినవన్నీ ఒకేలా ఉన్నా లేచి వచ్చేయండి.

అపోహ: వీఆర్, ఏఆర్ సిటీ వాళ్ల ముచ్చట, మన దగ్గర ఏముంది?

వీఆర్ అంటే హెడ్‌సెట్ పెట్టుకుని చూసే 3డి లోకం, ఏఆర్ అంటే ఫోన్‌లో కనబడే అసలు చోటు మీద 3డి బొమ్మలు నిలబెట్టడం. నాకు చిరాకు తెప్పించే మాట ఇది. నల్లగొండ పక్కన పానగల్‌లో ఛాయా సోమేశ్వరాలయం ఉంది. గర్భగుడిలో పగలంతా స్తంభం నీడ కదలకుండా నిలబడే గుడి అది. నేరుగా పడే ఎండ కాదు, పక్కల నుంచి చెదిరి లోపలికొచ్చే వెలుగు ఆ నీడను నిలబెడుతుంది. గేమ్‌లో లైటింగ్ చేసేవాళ్లకు ఇంతకంటే పాఠం ఏం కావాలి?

ఒక డిగ్రీ కుర్రాడికి ఆ గుడి మండపాన్ని ఫొటోలతో 3డి చేసుకురమ్మని చెప్పాను. ఫోన్‌తో రెండు వందలకు పైగా ఫొటోలు తీసుకొచ్చాడు. పద్ధతి బాగానే ఉంది. ఒక్కో ఫొటోలో ముందరి ఫొటోలోది సగానికి పైగా కనబడేలా చుట్టూ తిరిగి తీశాడు. కాకపోతే మిట్టమధ్యాహ్నం తీశాడు. మోడల్ తయారయ్యాక చూస్తే ఎండ, నీడ రెండూ రాతి రంగులోనే అతుక్కుపోయాయి. ఇంజిన్‌లో సూర్యుణ్ణి ఎటు తిప్పినా రాయి మీద మాత్రం పన్నెండు గంటలే. మబ్బు పట్టిన రోజు పొద్దున్నే మళ్లీ పంపించాను. ఈసారి రాయి రాయిలాగే వచ్చింది. సూర్యుణ్ణి తిప్పి ఆ నీడను నిలబెట్టే పని మాత్రం మాకింకా కుదరలేదు.

మహబూబ్‌నగర్ పిల్లలు ముందు పిల్లలమర్రి చెట్టు చేస్తామంటారు. వద్దు. గాలికి ఆకు కదిలితే స్కాన్ చెడుతుంది. అలంపురం గుళ్లతో మొదలుపెట్టండి, అనుమతి అడిగి.

గుళ్లే కాదు. హుజూర్‌నగర్ వైపు సిమెంట్ ఫ్యాక్టరీలు, చౌటుప్పల్ చుట్టూ ఫార్మా, దామరచర్ల దగ్గర థర్మల్ ప్లాంటు ఉన్నాయి. మంటలు లేస్తే ఎటు పరిగెత్తాలో, ఏ వాల్వ్ ముందు మూయాలో కొత్త కార్మికుడికి హెడ్‌సెట్‌లో నేర్పడం వీఆర్ చేసే పనుల్లో ఒకటి. అది చేసేవాడికి ఫ్యాక్టరీ లోపల ఎలా ఉంటుందో తెలిసి ఉండాలి. అది మన పిల్లలకే ఎక్కువ తెలుసు.

అపోహ: తెలుగుతో ఈ పనిలో ఏం లాభం?

యూనిటీలో అక్షరాలు చూపించడానికి మామూలుగా వాడే టెక్స్ట్‌మెష్ ప్రోలో "నల్లగొండ" అని టైప్ చేసి చూడండి. లావత్తు కిందికి దిగదు. రెండు 'ల'లు పక్కపక్కనే నిలబడతాయి, మధ్యలో పొల్లు వేలాడుతుంది. "స్త్రీ" అని కొడితే ఇక చెప్పక్కర్లేదు. తెలుగు చదవలేని డెవలపర్‌కు అది తప్పని కూడా తెలియదు. గోడో 4లో అదే మాట సరిగ్గా వస్తుంది. ఈ తేడా చూడగానే పట్టుకుని, దారి చూపించే మనిషి తెలుగు గేమ్ చేసే ప్రతి టీమ్‌కూ కావాలి.

అపోహ: ఇంట్లో కూర్చునే అంతా చేసెయ్యొచ్చు.

ఇది కొత్త అపోహ, ఈమధ్యే పుట్టింది. మహబూబ్‌నగర్ దివిటిపల్లిలో, నల్లగొండలో 2023లో ఐటీ టవర్లు తెరిచారు. మంచిదే కానీ టవర్ ఉన్నంత మాత్రాన గేమ్ స్టూడియో ఉన్నట్టు కాదు. మొదటి ఒకట్రెండేళ్లు హైదరాబాద్‌లో సీనియర్ల పక్కన కూర్చోవాల్సిందే అని నా అభిప్రాయం. జీతం మొదట్లో సాఫ్ట్‌వేర్‌లో చేరిన దోస్తుల కంటే తక్కువ ఉండొచ్చు, అదీ ఇంట్లో ముందే చెప్పండి. పని చేతికొచ్చాక ఊళ్లోంచి ఫ్రీలాన్స్ చేసేవాళ్లు నాకు తెలుసు.

ఈలోపు ఊళ్లో ఉండి చేయదగ్గ పని, ఒక చిన్న గేమ్ పూర్తి చేసి బయటపెట్టడం. చిన్న గేమ్‌లు పెట్టుకునే వెబ్‌సైట్ ఇచ్.ఐఓలో పైసా ఖర్చు లేదు. ప్లే స్టోర్‌కు ఒక్కసారి 25 డాలర్లు కట్టాలి. కొత్తగా తెరిచిన సొంత ఖాతా అయితే, విడుదలకు ముందు 12 మంది వరసగా 14 రోజులు టెస్టర్లుగా ఉండాలి. ఇక్కడే చాలామంది ఆగిపోతారు. వాడకట్టులో పన్నెండు మంది దొరకరా?

మా ఆదివారం పిల్లల్లో ఒకమ్మాయి చేసిన బొంగరాల గేమ్‌కు పదకొండు మంది తేలిగ్గానే దొరికారు. పన్నెండోవాడి కోసం ఆ బాబాయికి ఫోన్ చేసి, వాళ్లబ్బాయిని అడిగాను. మొదటి వారంలోనే మూడు బగ్‌లు పంపాడు. రెండో దాని కింద "పదికి తొమ్మిదిసార్లు" అని రాశాడు.