గంజాం వలసల్లో తెగిపోతున్న హెచ్‌ఐవీ మందు

ఒడిశాలో హెచ్‌ఐవీ మాట వస్తే గంజాం జిల్లా పేరు వినిపించడానికి ప్రధాన కారణం వలస. దశాబ్దాలుగా ఇక్కడి మగవాళ్లు సూరత్ పవర్‌లూమ్‌లకు వెళ్తున్నారు. గోపాల్‌పూర్ తీరంలోని తెలుగు మత్స్యకారులు కూడా పరాయి రాష్ట్రాల హార్బర్లలో బోట్లెక్కుతారు. నెలల తరబడి ఇంటికి దూరం. అక్కడ సోకిన వైరస్ ఇక్కడి భార్యకు, ఆమె నుంచి బిడ్డకు చేరింది. గర్భిణి పరీక్షలో ముందు ఆమెకే తేలితే నింద కూడా ఆమె మీదే వేశారు. ఇంతకంటే అన్యాయం లేదు.

ఈ వైరస్ రక్తంలో రోగాలతో పోరాడే సీడీ4 అనే తెల్లకణాల్ని తినేస్తుంది. ఆరోగ్యవంతుల్లో మైక్రోలీటరుకు 500కు పైగా ఉండే ఈ కణాలు 200 కంటే తగ్గితే నోట్లో తెల్లపూత, ఆగని విరేచనాలు, న్యుమోనియా మొదలవుతాయి. క్షయ మాత్రం అంతవరకూ ఆగదు, ముందే పట్టుకోగలదు. మందు లేకపోతే ఈ దశకు రావడానికి ఎనిమిది పదేళ్లు పట్టొచ్చు. మగ్గం దగ్గర సోకింది ఎప్పుడో ఊళ్లో బయటపడేది అందుకే.

దేశంలో తొలి కేసులు 1986లో చెన్నైలో తేలాయి. వైరస్‌ను అణచి ఉంచే ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇవ్వడం 2004 ఏప్రిల్ 1న మొదలైంది. అయితే అప్పట్లో సీడీ4 200 లోపు పడిపోయినవాళ్లకే ప్రధానంగా ఇచ్చేవారు. తర్వాత ఆ హద్దు 350కి పెరిగింది. 2017 నుంచి పాజిటివ్ అని తేలిన ప్రతి ఒక్కరికీ, సీడీ4 ఎంతున్నా ఇస్తున్నారు. ‘మందు మొదలెట్టారంటే ఆఖరి దశే’ అన్న భయం ఆ పాత హద్దు నుంచే పుట్టింది. దానికి తోడు అప్పటి స్టావుడిన్ మాత్ర కొందరికి బుగ్గలు పీక్కుపోయేలా, అరికాళ్లు మండేలా చేసేది. మొహం చూసి జబ్బు పోల్చేవారు. ఆ మాత్రను ఎప్పుడో తీసేశారు.

ఇప్పుడు చాలామందికి రోజుకు ఒక్కటే మాత్ర: టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు. చిక్కల్లా అది ఆగకుండా అందడంలోనే. బరంపురం ఏఆర్‌టీ సెంటర్లో పేరున్న మనిషి పండక్కి వచ్చి, సీసా నిండా మాత్రలు తీసుకుని సూరత్ వెళ్తాడు. సీసాలో ఉండేవి 30. అవి అయిపోయేసరికి సెలవు దొరకదు, అక్కడి సెంటర్‌కు బదిలీ కాగితం ఉండదు, చికిత్స వివరాలు రాసే గ్రీన్ బుక్ ఇంట్లోనే ఉండిపోతుంది. కొన్ని వారాలు మందు ఆగితే రక్తంలో వైరస్ మళ్లీ పెరుగుతుంది. వేసుకుంటూ మానేస్తూ ఉంటే మరీ ప్రమాదం: అరకొర మందు మధ్య పెరిగిన వైరస్ ఆ మందుకే లొంగకుండా మారొచ్చు. 2020 లాక్‌డౌన్‌లో రైళ్లు ఆగినప్పుడు ఒకేసారి మూడు నెలలకు సరిపడా ఇవ్వమన్నారు. వలస వెళ్లేవాళ్లకు అలా ఇవ్వడం ఎప్పుడూ అవసరమే. ప్రయాణానికి ముందే కౌన్సిలర్‌కు చెప్పి బదిలీ కాగితం రాయించుకోవాలి.

గర్భిణులకిచ్చే ఐరన్, కాల్షియం బిళ్లలు పరగడుపున ఈ మాత్రతో కలిపి వేసుకుంటే డోలుటెగ్రావిర్ ఒంటికి సరిగా పట్టదు. భోజనంతో అయితే కలిపి వేసుకోవచ్చు. లేదంటే ముందు ఈ మాత్ర, రెండు గంటలాగి అవి. అల్యూమినియం, మెగ్నీషియం ఉండే గ్యాస్ మందులు (యాంటాసిడ్లు) మాత్రం ఎప్పుడూ విడిగానే. క్షయకు రిఫాంపిసిన్ వాడేవారికి 12 గంటల తర్వాత ఇంకో 50 మిల్లీగ్రాముల డోలుటెగ్రావిర్ కావాలి. క్షయ మందు ఒకచోట, ఏఆర్‌టీ ఇంకోచోట తీసుకునేవారికి తప్పిపోయేది ఈ రెండో డోసే. అందుకే క్షయ కార్డు, ఏఆర్‌టీ కార్డు రెండూ రెండు చోట్లా చూపించాలి.