బావిలోకి చేద వేసినట్టు

చిన్నూ, బుజ్జీ,

మా అమ్మ సంగతి ఎత్తితే మా అక్క గంటసేపు ఆపదు, కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. మీ చిన్నతాతేమో "చాలా మంచిది, ఇంకేం గుర్తులేదు" అని పేపరు తీస్తాడు. ఒకే ఇంట్లో పెరిగారుగా, ఇదేంటి తాతయ్యా అని అడిగారు.

జ్ఞాపకాలన్నీ ఒక బావి అనుకోండి. మా పెరట్లో ఉండేది. చేద తెగి పడిపోతే పక్కింటి నుంచి పాతాళ గరిగె తెచ్చేవాళ్లం. ఇనప కొక్కేల గుత్తి అది. మెల్లగా కెలికితే చేదతో పాటు ఎప్పుడో పోయిన చెంబు కూడా నాచు పట్టి పైకొచ్చేది. మా నాన్న కేకలేస్తున్నా గట్టు వదిలేవాళ్లం కాదు.

సరే. ఏడిస్తే ఎవరో ఒకరు వస్తారన్న ధీమాతో పెరిగినవాళ్లు నిదానంగా తోడతారు. సంతోషమూ దుఃఖమూ రెండూ పైకొస్తాయి. అక్క కొంగు పట్టుకుంటే అమ్మ ఒకరోజు ముద్దుచేసేది, ఒకరోజు విసుక్కునేది, అప్పుడు ఇంట్లో ఇబ్బందులు అలాంటివి. ఆ టెన్షన్‌తో పెరిగినవాళ్లు చేదను దబ్బున వదులుతారు, అడుగు బురదంతా లేస్తుంది. తమ్ముడు పుట్టాక అమ్మకి జబ్బు చేసింది, వాణ్ని ఎత్తుకు తిరిగింది మా మేనత్తే. అడిగి లాభం లేదని చిన్నప్పుడే నేర్చుకున్నవాళ్ల తాడు నీళ్లదాకా పోదు. అసలు నీళ్లు ఊరడమే తక్కువట: 2000లో ఫ్రేలీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తా, తోటివాళ్లూ అయినవాళ్లని పోగొట్టుకోవడం గురించిన మాటలు వినిపించి చూస్తే, అలాంటివాళ్లు మొదట్లోనే తక్కువ పట్టించుకున్నారు. ఆ తరవాత మరిచిపోయే వేగం మాత్రం అందరిదీ ఒకటే.

అందుకే మీ చిన్నతాతని రాతిగుండె అనకండి. మంచి తోడు దొరికితే ఇది పెద్దయ్యాకా మారొచ్చు. ఒక్క అమ్మే ముగ్గురికి మూడు రకాల అమ్మ ఎలా అయిందో తలుచుకుంటే మాత్రం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

అమెరికాలోని బర్క్లీలో మేరీ మెయిన్ అనే ఆవిడ, తోటివాళ్లతో కలిసి 1980ల్లో, పెద్దవాళ్లు తమ చిన్నతనాన్ని ఎలా తలుచుకుంటారో చూడ్డానికి ఒక పద్ధతి పెట్టింది. అమ్మ గురించి ఐదు మాటలు చెప్పమనడం, ఆపైన ఒక్కో మాటకీ నిజంగా జరిగిన సంగతి ఒకటి అడగడం. "ప్రేమగలది" అనేసి, సంగతి దొరక్క తడుముకునేవాళ్లు ఉంటారు. సంగతి చెప్పమనే ఆ ప్రశ్నే పాతాళ గరిగె.

ఆదివారం అమ్మమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తుంటే పక్కన కూర్చుని, వాళ్లమ్మ గురించి ఐదు మాటలు అడగండి. తొందరపెట్టకండి. కళ్లు తుడుచుకుంటే మంచినీళ్లిచ్చి కాసేపు ఊరుకోండి. ఏ మాటకి ఏ సంగతి చెప్పిందో నాకు రాయండి.

మీ తాతయ్య