చిన్నాన్న ఇంటి కింద బూడిద

మహారాష్ట్రలోని బల్లార్‌పూర్‌లో మా చిన్నాన్న కొన్న ప్లాటు రోడ్డు కంటే మోకాటిలోతు పల్లం. గోడలకు థర్మల్ విద్యుత్ కేంద్రం బూడిదతో చేసే ఇటుకలు మాట్లాడుకున్నాడు. పల్లం పూడ్చడానికి కూడా బూడిదే తోలతాను, మొరం కంటే చవక అన్నాడు టిప్పరు డ్రైవరు. పిన్ని భయమంతా ఇటుకల మీదే. "బూడిద గోడల మధ్య పిల్లలను పడుకోబెట్టాలా?" అని నన్ను నిలదీసింది. నా భయం మాత్రం పల్లం మీద. పక్కనే మంచినీళ్ల బావి ఉంది.

దగ్గర్లోని చంద్రపూర్ థర్మల్ కేంద్రం సామర్థ్యం 2,920 మెగావాట్లు. మన బొగ్గులో బూడిద పాలు ఎక్కువ. టన్ను కాలిస్తే 300 నుంచి 400 కిలోలు మిగులుతుంది. అందులో పొగతో పాటు పైకి లేచే సన్న పొడే ఫ్లైయాష్. సూక్ష్మదర్శిని కింద చూస్తే అవి చాలావరకు గాజు గోళీలు. బొగ్గులో ఉండి కొలిమి వేడికి ఆవిరైన ఆర్సెనిక్, సెలీనియం అనే విష పదార్థాలు, పొగ చల్లబడేటప్పుడు ఆ గోళీల పైపొరకే అంటుకుంటాయి. చిక్కంతా ఇక్కడే. పైన అంటుకున్నది నీళ్లు తగలగానే ముందుగా ఊడివస్తుంది.

ఇటుకలో కథ వేరు. సున్నమో సిమెంటో కలిపి తడిపితే బూడిదలోని సిలికా సున్నంతో కలిసి గట్టి జిగురుగా మారుతుంది, గోళీలు అందులో కూరుకుపోతాయి. విషం ఎక్కడికీ పోలేదు, బయటపడే దారి ఇరుకైపోయింది. బట్టీ మంట అక్కర్లేదు, పొలం మట్టీ అక్కర్లేదు. ఫ్లైయాష్ కలిపిన కాంక్రీటును అమెరికా పర్యావరణ సంస్థ 2014లో మదింపు చేసి, మామూలు కాంక్రీటు కంటే ప్రమాదమేమీ ఎక్కువ లేదని తేల్చింది. మేస్త్రీ ఇటుకను పొడిగా కోసేటప్పుడు లేచే దుమ్ము మాత్రం ఊపిరితిత్తులకు చేటు, తడిపి కోయాలి.

పల్లంలో పోసిన బూడిదకు ఆ జిగురు లేదు. ప్రతి వానా దానిని కడిగి కిందికి దిగుతుంది. అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో పైన్స్ అనే చిన్న ఊళ్లో బూడిదను ఇలాగే రోడ్ల కింద నింపితే బూడిదలోని బోరాన్, మాలిబ్డినం అనే మూలకాలు బావి నీళ్లలో తేలాయి.

బూడిద నుంచి నీళ్లలోకి విషం ఊడివస్తుందా అని చూసే పరీక్ష ఒకటుంది. "పరీక్ష పాసైంది" అనే కాగితం చూపినా నేను తొందరగా నమ్మను. చాలాకాలంగా వాడుకలో ఉన్న పరీక్షలో బూడిదను ఆమ్లపు నీళ్లలో 18 గంటలు తిప్పుతారు. సీసం అనే లోహానికి అది సరిపోతుంది. ఆర్సెనిక్, సెలీనియం తీరు వేరు, క్షార గుణమున్న నీళ్లలో కూడా అవి కరిగి వస్తాయి. అందుకే ఆమ్లం నుంచి క్షారం దాకా రకరకాల నీళ్లలో నానబెట్టి చూసే పద్ధతులు వచ్చాయి. ఇంకో మాట: ఏళ్లు గడిచేకొద్దీ గాలిలోని కార్బన్ డయాక్సైడ్ తగిలి గోడలోని క్షారం తగ్గుతుంది. పాత ఇల్లు కూల్చిన ముక్కలను నుగ్గు చేసి మళ్లీ ఏ గుంతలోనో పోస్తే లెక్క మొదటికి వస్తుంది.

ఇదంతా చెప్పేసరికి ఒక టిప్పరు బూడిద బావి దగ్గర పడనే పడింది. వెనక్కి తీసుకుపోనన్నాడు డ్రైవరు. రెండు రోజులు టార్పాలిన్ కప్పి ఉంచాం. మూడో రోజు ఇటుకలు చేసే ఆయనే వచ్చి ఎత్తుకుపోయాడు. పల్లంలో మొరం పోయించాం. ఖర్చు పెరిగినందుకు చిన్నాన్న ఇప్పటికీ నన్ను ఎత్తిపొడుస్తూనే ఉంటాడు.