పట్టూ విడుపూ తెలిసిన ద్రవం

కావలి

లాస్యా, కార్తీక్‌లకు,

మొన్న సెలవుల్లో కొట్టంలో మోనోక్రోటోఫాస్ పురుగుమందు డబ్బా చూసి, "తాతయ్యా, ఆర్గానోఫాస్ఫేట్లన్నీ విషాలేనా?" అని అడిగారు కదా. ఫోన్లో చెప్తే సగం గాలికి పోతుందని రాస్తున్నా.

ఆర్గానోఫాస్ఫేట్లంటే భాస్వరం ఉన్న కర్బన రసాయనాల వంశం. అన్నీ ఒక తీరు కాదర్రా. ఆ వంశంలోనే ట్రైబ్యూటైల్ ఫాస్ఫేట్ అని ఒకటుంది, టీబీపీ అంటారు. నడుమ ఒక భాస్వరం పరమాణువు, చుట్టూ నాలుగు ఆక్సిజన్లు. మూడింటికి నాలుగేసి కార్బన్ల గొలుసులు తగిలించి ఉంటాయి. నాలుగోదానికి ఏ గొలుసూ లేదు, ద్విబంధంతో భాస్వరాన్ని అంటుకుని ఉంటుంది. ఆ ఒక్కదాన్నీ గుర్తుపెట్టుకోండి, కథంతా దానిదే.

చూడ్డానికి రంగులేని, కాస్త జిడ్డు ద్రవం. నీళ్లకన్నా కొంచెం తేలిక. లీటరు నీళ్లలో అర గ్రాము కూడా కరగదు, కిరోసిన్‌లో మాత్రం ఎంత పోసినా కలిసిపోతుంది. మరగాలంటే 289 డిగ్రీలు దాటాలి, అప్పటికే విడిపోవడం మొదలవుతుంది.

ఇది చేసే పని తెలియాలంటే ముందు ఒక చిన్న ప్రయోగం. ఒక గ్లాసు నీళ్లలో గాయాలకు రాసే టింక్చర్ అయోడిన్ నాలుగు చుక్కలు వేసి, పైన కిరోసిన్ పోసి కలిపితే, కాసేపటికి అయోడిన్ పైపొరలోకి ఎక్కి రంగు మారుస్తుంది. (మీ నాన్న దగ్గరుంటేనే చేయండి, పొయ్యికి దూరంగా.) అణు ఇంధనమైన యురేనియం అలా ఎక్కదు. నైట్రిక్ ఆమ్లంలో కరిగించిన పసుపు యురేనియం ద్రావణాన్ని కిరోసిన్‌తో ఎంత కలిపినా అది నీళ్లలోనే మొండికేస్తుంది. అదే కిరోసిన్‌లో టీబీపీ కలిపి చూడండి! ఆ నాలుగో ఆక్సిజన్ యురేనియాన్ని పట్టుకుంటుంది. ఒక్కో యురేనియంకి రెండు టీబీపీ అణువులు చెరోపక్కా తగులుకుంటాయి. వాటి గొలుసులకు నూనె అంటే ప్రీతి కాబట్టి మొత్తాన్నీ పైపొరలోకి లాక్కుపోతాయి. మలినాలు చాలావరకు కింద నీళ్లలోనే ఉండిపోతాయి.

పట్టుకోవడం చాలా రసాయనాలకు వచ్చు. దీని గొప్పంతా విడవడంలో ఉంది. ఆ పైపొరను బాగా పలచని ఆమ్లంతో కడిగితే చాలు, యురేనియాన్ని మళ్లీ నీళ్లలోకి వదిలేస్తుంది. హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో యురేనియాన్ని ఇలాగే శుద్ధి చేస్తారు. మన నెల్లూరు నుంచి చెన్నై దాటి పోతే వచ్చే కల్పాక్కంలో, రియాక్టర్లో వాడేసిన ఇంధనం నుంచి యురేనియం, ప్లుటోనియం వెనక్కి తీయడానికీ ఇదే. ఆ పనికి మామూలుగా నూటికి ముప్పై పాళ్లు టీబీపీ, మిగతాది కిరోసిన్ లాంటి ద్రవం.

ఇవి కాక రంగుల్లో, సిమెంట్ మిశ్రమాల్లో నురగ అణచడానికి వాడతారు. సులువుగా అంటుకోదు కాబట్టి విమానాల్లో భాగాల్ని ఒత్తిడితో కదిలించే హైడ్రాలిక్ ద్రవాల్లోనూ ఉంటుంది. ఒలికితే పెయింట్ ఊడగొడుతుంది, అదొక తలనొప్పి మెకానిక్‌లకు.

ఇప్పుడు మీ డబ్బా సంగతి. మోనోక్రోటోఫాస్‌లోనూ ఇదే భాస్వరం, ఇవే నాలుగు ఆక్సిజన్లు. కానీ అక్కడ తగిలించిన గుంపుల్లో ఒకటి తేలిగ్గా ఊడిపోయే రకం. మన నరాల్లో అసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, నరాల సంకేతాలు ఆపడం దాని పని. ఆ గుంపు ఊడిపోయి, భాస్వరం ముక్క ఆ ఎంజైమ్‌కి అతుక్కుంటుంది. ఇక సంకేతాలు ఆగవు. చొంగ, చెమట, చిన్నవైపోయిన కంటిపాపలు, చివరికి ఊపిరే అందదు. టీబీపీ గొలుసులు అంత సులువుగా ఊడవు, అందుకే దానికా విషగుణం అంతగా లేదు. అలాగని చేత్తో ముట్టుకునేది కాదు, చర్మం, కళ్లు మండుతాయి. ఆ మోనోక్రోటోఫాస్ డబ్బా మాత్రం బీరువాలో పెట్టి తాళం వేశాను.

టీబీపీతో అసలు భయం మరోటి. గాఢ నైట్రిక్ ఆమ్లంతో కలిసి వేడెక్కితే అణువులు చీలి, ఒక్కసారిగా వాయువులు పుడతాయి. 1993 ఏప్రిల్ 6న రష్యాలోని తోమ్‌స్క్-7 కర్మాగారంలో ఒక ట్యాంకు అలాగే పేలి, రేడియోధార్మికత బయటికి వచ్చింది. అందుకే ఈ ప్లాంట్లలో ఆమ్లం గాఢతా, ఉష్ణోగ్రతా ఎప్పుడూ ఒక కంట కనిపెడుతుంటారు.

మీ తాతయ్య