గొడవ మర్నాడే రాజీ మీటింగా? అపోహలు, వాస్తవాలు

అపోహ: వేడి మీదే కూర్చోబెట్టాలి, చల్లారితే ఎవరూ రారు.

పేటకీ ఊరికీ కుల గొడవైన ప్రతిచోటా వినబడే మాట ఇది. ఎక్కువ చేటు చేసేదీ ఇదే. మర్నాడే పంచాయతీ ఆఫీసులో ఎదురెదురు కుర్చీలు వేస్తే జరిగేది రెండో విడత గొడవ. ఒకవైపు అరెస్టు భయం. ఇంకోవైపు, ఎదుట కూర్చున్న ఆసామి చేలోకే రేపు కూలికి వెళ్లాల్సినవాళ్లు. వర్గాలు కలవడానికి మనస్తత్వవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లో నాలుగు షరతులు చెప్పాడు: సమాన హోదా, ఉమ్మడి లక్ష్యం, సహకారం, అధికారుల అండ. ఆ గదిలో చివరిది తప్ప ఏదీ ఉండదు. పైగా కేసు వెనక్కి తీసుకోమనే ఒత్తిడి అక్కడే మొదలవుతుంది. దాన్ని మానసిక సాయం అనకండి.

మొదటి మూడు నాలుగు రోజులు భద్రత, భోజనం, బీపీ షుగరు మాత్రలు, కనబడనివాళ్ల ఆచూకీ. అంతే. తర్వాత ఏ వర్గానికి ఆ వర్గం వేరుగా, ఆరేడుగురు, గంటన్నర మించకుండా. ఆడవాళ్లతో విడిగా. ఎదుటివాళ్ల మీద చెప్పేది వినండి, సరిదిద్దబోకండి. పోలీసు పికెట్ ఎత్తేశాక, రెండువైపులా పిల్లలు బడికి, పెద్దలు పనికి మామూలుగా వెళ్తుంటే అప్పుడు కలపండి. అప్పుడైనా గొడవ మీద చర్చతో కాదు, పనితో. వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు మురుగు కాలవలో గుర్రపుడెక్క తీయించడం మంచి మొదలు. డ్రెయిను పూడితే మునిగేది రెండువైపుల చేలూ. కమిటీలో ఇరుపక్షాలూ సమానంగా ఉండాలి, లెక్కల పుస్తకం ఒకే పక్షం దగ్గర ఉండకూడదు.

అపోహ: జరిగిందంతా వెంటనే కక్కిస్తే మనసు కుదుటపడుతుంది.

జరిగిందంతా ఒక్క సిట్టింగ్‌లో చెప్పించే డీబ్రీఫింగ్, పీటీఎస్‌డీని (భయంకర అనుభవం తర్వాత నెలల తరబడి వదలని మానసిక రుగ్మతని) ఆపదని పరిశోధనలు తేల్చాయి. కొందరికి కీడే చేసింది. చెబితే వినండి, తవ్వకండి. నిద్ర పట్టకపోవడం, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడటం తొలివారాల్లో మామూలేనండీ, పిచ్చి పట్టడం కాదు. నిద్రమాత్రలు సొంతంగా మింగకండి. నెల దాటినా తగ్గకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. చచ్చిపోవాలనిపిస్తే మాత్రం ఆ రోజే.

అపోహ: నెట్ ఆపితే పుకారు ఆగుతుంది.

నోటిమాటకి నెట్ అక్కర్లేదు. సొంత వర్గంవాడే, నలుగురూ నమ్మేవాడే నిజమేంటో మైకులో చెప్పాలి.

అపోహ: గొడవ జరిగాకే మన (మానసిక సాయం చేసేవాళ్ల) పని.

కోనసీమ జిల్లా పేరుకి అంబేద్కర్ పేరు చేర్చే నోటిఫికేషన్ 2022 మే 18న వచ్చింది, అమలాపురంలో ఇళ్లు తగలబడింది 24న. మధ్యలో ఆరు రోజులు. అసలు పని చేయాల్సింది అలాంటి రోజుల్లోనే: ఏ పుకారు పుడుతుందో ముందే చెప్పి ఉంచడం, ఊరేగింపు దారులు రెండువైపుల కుర్రాళ్లతో ఖాయం చేసుకోవడం. జనవరిలో సంక్రాంతి తీర్థానికి ప్రభలు (ఊరేగించే అలంకరణ కట్టడాలు) ఏ వీధిన వెళ్లాలో నవంబర్‌లోనే మాట్లాడండి.